ముగ్గురం గీసిన చేయి

మొన్న మా మనవరాలు ఫోన్లో మనిషి చేయి బొమ్మను వేలితో అటూ ఇటూ తిప్పుతూ పరీక్షకు చదువుకుంటోంది. రక్తనాళాలు ఎర్రగా వెలుగుతున్నాయి. ఆ ఎరుపు చూడలేక లేచి వరండాలోకి వెళ్లిపోయాను.

రాజమండ్రిలో మేము డిగ్రీ చదివే రోజుల్లో మా జువాలజీ మాస్టారు ఏ పాఠమైనా ముందు గీయండి, తర్వాత రాయండి అనేవారు. ఆయన మాట పట్టుకుని కెమిస్ట్రీ చర్యలనూ, ఇంగ్లీషు నాటకంలో ఎవరికి ఎవరు శత్రువో కూడా బొమ్మలు వేసుకునేవాళ్లం. సిలబస్‌లో కప్ప రక్తనాళాలే ఉన్నా, ఆయన మనిషి చేయి కూడా గీయించి, కళ్లు మూసుకుని మళ్లీ గీయమనేవారు. నేనూ, నరసాపురం నుంచి వచ్చిన జాలరి కుటుంబం కుర్రాడూ, తుని వైపు రైతుగారబ్బాయీ ఒకే బల్ల మీద మోచేతులు తగులుతూ ఆ బొమ్మ గీశాం.

కాలేజీ ఎన్నికలు వచ్చి ఆ ఇద్దరూ చెరో జట్టులో చేరారు. ఫలితాలు చెప్పిన మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ తిట్లతో మొదలై రాళ్లూ, హాకీ కర్రల దాకా వచ్చింది. ఎవడి పన్నో ఊడి నా చెప్పు పక్కన పడింది. తల పగిలి కళ్లలోకి నెత్తురు కారుతుండగా రైతుగారబ్బాయి గేటు పక్కనున్న కొబ్బరి బొండాల బండి మీది కత్తి లాక్కున్నాడు. నరసాపురం వాడు ముఖానికి అడ్డంగా చెయ్యెత్తాడు. కత్తి మోచేతికి పైన, లోపలి వైపు దిగింది. నెత్తురు కారలేదు, చిమ్మింది. నా చొక్కా, గేటు, బొండాలు అన్నీ తడిశాయి.

నేనేమీ ఆలోచించలేదు. కండల మధ్య నుంచి ఎముక పక్కగా దిగే ఆ రక్తనాళం గీత నా వేళ్లకు తెలుసు. గాయానికి పైన ఎముకకేసి బొటనవేలితో అదిమిపట్టి, రిక్షాలో ఆసుపత్రి చేరేదాకా వదల్లేదు. వాడు నొప్పికి నా భుజం కొరికేశాడు.

"ఇక్కడ నొక్కాలని ఎవరు చెప్పారయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"మా మాస్టారు గీయించారండి."

వాడు బతికాడు. వేళ్లు సరిగా ముడుచుకోక చదువు మానేసి, ఊళ్లో చేపల వ్యాపారం పెట్టుకున్నాడు. జైల్లో ఉన్న రెండోవాడిని చూడటానికి వెళ్లి, తెలిసే అక్కడ కొట్టావా అని అడిగాను.

"లేదురా. వాడు చెయ్యెత్తాడు, కొట్టేశాను. నెత్తురు చిమ్మాక తెలిసింది ఎక్కడ తెగిందో," అన్నాడు. "నువ్వెక్కడ నొక్కుతావోనని చూస్తూ నిలబడిపోయాను. సరిగ్గానే నొక్కావు," అన్నాడు.

ఆ ఏడాది తర్వాత మాస్టారు కప్పతోనే ఆపేసేవారు.

ఇప్పుడు కాలేజీ గేట్లకు కెమెరాలున్నాయి, అలాంటి కొట్లాటలు లేవు, మంచిదే. ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ ఎడంగా కూర్చుంటున్నారు. అంత దగ్గరగా కూర్చుని చదువుకున్నవాళ్లమే అంత పని ఎలా చేశామో, ఇన్నేళ్లొచ్చినా మా కాలం నాకే అర్థం కాదు.