వసిష్ఠ మధ్యలో పోలయ్యగారి పడవ

పొద్దు వాలే వేళ మా వీధిలో కల్లు కావడి వెళుతుంది. లొట్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, వెనకే పులుపెక్కిన వాసన. ఆ వాసన నాకు ముక్కుకన్నా ముందు కాళ్ళకు తెలుస్తుంది. చేతిలో పని వదిలి గుమ్మందాకా వెళ్ళి, వచ్చి కూర్చుని, మళ్ళీ లేస్తాను. నా ఊరేగింపుకు మేళం ఒక్కటే తక్కువ. అలా తిరుగుతుంటే పోలయ్యగారు గుర్తొస్తారు. మీరెవరూ ఆయన్ని ఎరగరు. వసిష్ఠ గోదావరి మీద వల వేసుకు బతికిన మనిషి.

రాజమండ్రి దగ్గర గోదావరికి రైలు వంతెన కడుతున్న రోజుల్లో నేను నర్సాపురం దగ్గర ఒక మిషను బడిలో పంతుల్ని. మాట మీద నిలబడేవాణ్ణి కాను; సాయంత్రమైతే కాళ్ళ మీదా నిలబడేవాణ్ణి కాను. చర్చిలో అందరి ముందూ ఇక తాగనని ప్రమాణం చేశాను. చేసి చేసి, ప్రమాణాలు చేయడంలో చెయ్యి తిరిగిపోయింది. చివరికి నా భార్య సంతోషమ్మ బిడ్డను ఎత్తుకుని మొగల్తూరు, పుట్టింటికి వెళ్ళిపోయింది. "మీరు మానేశానని చెప్పిన రోజున రానండి. నేను నమ్మిన రోజున వస్తాను" అంది.

దారి చూపింది చేపలమ్మే మంగమ్మ. ఒక ఉదయం నా చేతిలో చేప పెట్టి, చేతినీ చేపనీ మార్చి మార్చి చూసింది.

"ఏంటి మేష్టారూ, చచ్చిన చేపని మళ్ళీ ఆడిస్తున్నారు?"

నవ్వి, గొంతు తగ్గించింది. "మా అన్న పోలయ్య కూడా తాగి తాగి మానినోడేనండి. కల్లు దిగే వేళకి తనలాంటోళ్ళని పడవెక్కించుకుని ఏటి మధ్యకి పోతాడు. కల్లుపాక మూసేదాకా ఒడ్డుకి రాడు. మీరూ ఎల్లండి. కులం అడగడు, మతం అడగడు. ఈతొచ్చా అని మాత్రం అడుగుతాడు."

"రాకపోతే ఎక్కించుకోడా?"

"వస్తే ఎక్కించుకోడండి, ఈదుకుంటా పాకకి పోతారని!"

ఈత రానందుకు జన్మలో ఒక్కసారి నాకు మేలు జరిగింది. ఏటి మధ్య పోలయ్యగారు లంగరు రాయి దింపి, మా నలుగురికీ తలా ఒక చిరిగిన వల ఇచ్చారు. ప్రార్థన లేదు, ప్రసంగం లేదు. "ఎవరికెక్కడ లాగుతోందో సెప్పండి" అన్నారు. బండి తోలే వెంకన్న నాలిక అన్నాడు. నేను మోకాళ్ళు అన్నాను.

"మోకాళ్ళతో తాగుతారా మేష్టారూ?"

"పాకదాకా నడిచేవి అవేగదండీ."

పడవంతా నవ్వింది. నేను ముడి వేసిన వల చూస్తే చేపలు నాకు సన్మానం చేసేవి. మమ్మల్ని కూర్చోబెట్టిన ఆయన మాత్రం కూర్చోలేదు. ముందు కొసనుంచి వెనక కొసకు తిరుగుతూ, పడవను ఊపుతూ, గాలినీ దోమల్నీ మా ముడుల్నీ తిడుతూనే ఉండేవారు. ఈయనకే కుదురు లేదు, మనకేం కుదురు నేర్పుతాడని అనుకునేవాణ్ణి. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేవాణ్ణి.

అమ్మవారి జాతర రోజున ఆయన తమ్ముడి కొత్త నావ నీళ్ళలో దింపుతున్నారు. వాళ్ళలో ఆచారం ఒకటుంది: నావ ముక్కు మీద అమ్మవారికి కల్లు పోసి, మిగిలింది ముందు ఇంటి పెద్ద పుచ్చుకోవాలి. మేం ఎప్పటిలాగే ఏటి మధ్య ఉన్నాం; ఒడ్డునుంచి డప్పులు, ఆయన్ని పేరు పెట్టి కేకలు. పోలయ్యగారు గబగబా లంగరు రాయి పైకి లాగేశారు.

"పెద్దోణ్ణి. నేను పుచ్చుకోకపోతే నావకి కీడంటారు. ఒక్క గుక్కేనండి."

ఆ ఒక్క గుక్క ఎంత లోతో పడవలో అందరికీ తెలుసు. అందరూ వలల్లోకి తలలు దించారు. నేను, ఏం పుట్టిందో, ఉన్న ఒక్క తెడ్డునూ ఒళ్ళోకి లాక్కుని కావలించుకున్నాను.

"తెడ్డియ్యండి మేష్టారూ."

"ఇవ్వనండి."

"ఇది నా పడవండి!"

"అవునండి. అందుకే ఇవ్వనండి."

ఆయన తిట్టిన తిట్లు ఏ బడిలోనూ చెప్పరు. తెడ్డు లేని పడవ ఏటివాలున కొట్టుకుపోసాగింది. డప్పులు వెనకబడి, సన్నగిల్లి, ఆగిపోయాయి. అప్పుడాయన నా ఎదుట చతికిలబడి, నా ఒళ్ళోని వల లాక్కుని, నేను వేసిన ముడులన్నీ విప్పి మళ్ళీ వేయడం మొదలుపెట్టారు. చీకటి పడేదాకా తల ఎత్తలేదు.

కొన్నాళ్ళకు ఆయన్నే సాక్షిగా మొగల్తూరు తీసుకెళ్ళాను. జాతరనాటి సాయానికి నా తరఫున గట్టిగా మాట్లాడతారని నా ధీమా.

"అన్నయ్యగారూ, ఈయన మానేశారా?" అని అడిగింది సంతోషమ్మ.

"నాకేం తెలుసమ్మా. నిన్న తాగలేదు. ఇయ్యాళ ఇంకా పొద్దు వాలలేదు."

ఆయన ఆగలేదు. "నా సంగతే నేను సెప్పలేను. జాతరనాడు తాగడానికి ఒడ్డుకి పోబోయాను. ఈయన తెడ్డియ్యలేదు."

ఆమె నావైపు తిరిగింది. "ఇవ్వలేదా?"

"లేదు."

"ఆయన అడిగినా?"

"తిట్టినా."

సంతోషమ్మ లోపలికి వెళ్ళింది. అయిపోయిందనుకున్నాను. బిడ్డతో, బట్టల మూటతో బయటికొచ్చి, మూట నా చేతికిచ్చింది. "త్వరగా నడవండి. మీకు పడవ వేళవుతుంది."

పోలయ్యగారు పోయి చాలా కాలమైంది. "మానేశారటగా మేష్టారూ" అని ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ నాకు అవుననడానికి నోరు రాదు. సాయంత్రమయ్యాక అడగమంటాను. హాస్యమాడుతున్నానని వాళ్ళు నవ్వుతారు.