వడ్ల కాపలాకు పెట్టిన కెమెరా

మొన్న కార్తీకమాసంలో, శనివారం పొద్దున ఆరున్నరకు, బాన్సువాడ రోడ్డు మీద ఆరబోసిన మా వడ్ల పక్కన మా కోడలు ఒక కర్ర పాతి, దానికి కెమెరా కట్టింది.

"ఏందే గది?" అన్నాను.

"ఏఐ నేర్చుకుంటున్న గద అత్తమ్మా. ఉత్తగ వీడియోలు చూస్తె రాదు, ఇంట్ల పనికొచ్చేదొకటి చెయ్యాలె. మేక కనవడితె గిది మోగుతది. ఇగ నువ్వు ఇంటికి పోయి పండుకో."

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఏదైనా సులువుగా అయిపోతుందంటే నమ్మను. పైగా ఆ కెమెరా మేకల్ని వదిలి నన్నే చూస్తున్నట్టుంది. తూకం కాకముందే వడ్లు మేకల పాలైతే మా ఆరునెలల కష్టం పోయినట్టే. అందుకే కదల్లేదు. చలికి నల్ల గొంగడి నెత్తిన కప్పుకొని, వంగి వడ్లలో రాళ్లు ఏరసాగాను.

వెంటనే అది కీమని మోగింది.

పక్క కుప్ప కాస్తున్న మా మరిది పడీపడీ నవ్వాడు. "వదినా, నిన్ను మేకల్ల కలిపిందే!"

కోడలు మాత్రం నవ్వలేదు. "గొంగడి కప్పుకున్నోళ్ల ఫోటోలు దానికి ఇంకా చూపలేదు అత్తమ్మా. అట్లనే వంగు, కొన్ని తీస్త."

"తీసి ఎవలకు చూపిస్తవ్?"

"గా కెమెరాకే!"

నమ్మకం కుదరలేదు. అయినా వంగాను. నాకు అక్షరాలు దిద్దించింది ఈ కోడలే. నేను ఎన్ని తప్పులు రాసినా పలక చెరిపి మళ్లీ ఇచ్చేది.

ఇంటికి మాత్రం పోలేదు. ఆ రోజు అక్కడ కాపలా ఉన్నది నేను, మా కోడలు, మా మరిది. కెమెరాను ఇంకా లెక్కలో వేయలేదు.