ముందు గదికీ వెనక గదికీ మధ్య వైరు

ముబీనా బద్వేలులో తన ఇంటి ముందు గదిలోనే డీటీపీ పని చేసేది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కంప్యూటర్లో కూర్చి, ప్రింటు తీసి ఇచ్చేది. ఆమె భర్త మన్సూర్ ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు పండితుడు. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క తరగతి పిల్లలు కూడా అల్లరి ఆపి వినేవాళ్ళట.

2004లో ఆయనకు గొంతు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్లో స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం నిలిచింది గానీ మాట పోయింది. మెడ మీద చిన్న రంధ్రం, అందులో గొట్టం. ఇక ఊపిరి తీసుకోవడం అక్కడి నుంచే.

ఇంటికి వచ్చాక మన్సూర్ వెనక గది దాటి బయటికి రాలేదు. చూడడానికి వచ్చినవాళ్ళు తన ముఖం వదిలేసి మెడకేసి చూస్తున్నారని ఆయన బాధ. చెప్పాల్సింది పలక మీద రాసేవాడు. ముబీనా ముందు గదిలో ఉంటే స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొట్టి పిలిచేవాడు. ఒకరోజు పని తొందరలో ఆమె విసుక్కుంది.

"వస్తాండా కదా! ఎన్నితూర్లు కొడతారు?"

ఆ తర్వాత ఆయన కొట్టడం బాగా తగ్గించాడు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ముబీనా ఏదో రిపోర్టు ప్రింటు తీస్తోంది. పాత ప్రింటరు గరగరమంటోంది. కాగితం అయిపోయి అది ఆగినప్పుడు, వెనక గదిలోంచి ఎవరో నేలను కాళ్ళతో రుద్దుతున్నట్టు చప్పుడు వినపడింది. పరిగెత్తింది. గొట్టానికి కఫం అడ్డంపడి మన్సూర్ ముఖం నల్లబడి ఉంది. ఆమె గొట్టం లోపలి భాగం లాగి, తడిగుడ్డతో కఫం తుడిచింది. కాసేపటికి ఈలలాగా ఊపిరి ఆడింది. అప్పుడు ముబీనా మంచం పక్కనే కూర్చుంది. గ్లాసు ఆయన దిండు పక్కనే ఉంది.

ఆ వారమే ఆమె తేజేశ్వర్ దగ్గరికి వెళ్ళింది. అతనికి బస్టాండు దగ్గర నెట్ సెంటరుంది. పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెడుతున్నాడు.

"ఒక పాత కంప్యూటర్ నాకియ్యప్పా. దాన్ని నా దానికి కలపల్ల. ఆయన ఆడ టైపు చేస్తే నాకు ఈడ కనపడల్ల."

"కలపొచ్చక్కా. మెసేజులు పంపుకునేది విండోస్ లోనే ఉండాది. రెండిట్లోనూ లాన్ కార్డులు ఎయ్యల్ల, మధ్యలో ఒక వైరు లాగల్ల. మామూలు వైరు పనికిరాదు. ఒక కొసన తీగలు తారుమారు చేసింది గావల్ల. అది నేను చేసిస్తా."

తేజేశ్వర్ పాత కంప్యూటర్ తెచ్చి వెనక గదిలో పెట్టి, రెండింటికీ కార్డులు బిగించి, తలుపు పైనున్న గాలికిటికీలోంచి వైరు లాగాడు. అంతలో కరెంటు పోయింది. మిగతాది ఎలా చెయ్యాలో చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడంతా ముబీనా రెండు గదుల మధ్య తిరుగుతూనే ఉంది. ఒక కంప్యూటర్‌కు ఒక నంబరు, రెండోదానికి ఇంకో నంబరు ఇచ్చింది. రెండింటికీ ఒకే గుంపు పేరుండాలని అతను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని ఊరి పేరే పెట్టింది. అయినా ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలియడం లేదు. మన్సూర్ మొదట గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నాకెందుకిదంతా" అని పలక మీద రాశాడు. తర్వాత ఆమె చెమటలు కక్కుతూ తిరగడం చూడలేక లేచి, స్క్రీన్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి ఆమె చెయ్యి పట్టుకుని, స్క్రీన్ మీద ఒకచోట వేలితో కొట్టి చూపించాడు.

ఆ కంప్యూటర్లో బద్వేలు పేరులో చివరి రెండు ఇంగ్లీషు అక్షరాలు వెనకాముందై ఉన్నాయి.

"ఓర్నాయనా!" అంది ముబీనా. ఎన్నో నెలల తర్వాత నవ్వింది. దిద్ది, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. ఈసారి రెండో కంప్యూటర్ కనిపించింది.

ఆయన పంపిన మొదటి మాట ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ప్రింటరు ఆపు. తలనొప్పి."

ఆ రోజు నుంచి ఆమె కూర్చిన ప్రతి పత్రికనూ మన్సూర్ తన కంప్యూటర్లో తెరిచి తప్పులు దిద్దేవాడు. దీర్ఘాలు, ఒత్తులు, పేర్లు, ఒక్కటీ వదిలేవాడు కాదు. బడి పోయాక మళ్ళీ ఒక పని దొరికింది.

ఒకరోజు కిరాణా వ్యాపారి గోవిందయ్య కూతురి పెళ్ళిపత్రిక కోసం వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. ముబీనా స్క్రీన్ మీద చిన్న కిటికీ తెరుచుకుంది.

"ఆ పొద్దు గ్లాసు నా చేతికాన్నే ఉన్నింది. కొట్టల్యా. కొట్టకూడదనుకున్నా."

ఆమె వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

"ఏమ్మా, తప్పులేమన్నా ఉండాయా?" అడిగాడు గోవిందయ్య.

"లేవు శెట్టిగారూ. ఆయన చూస్తాండారు." అని టైపు చేసింది: "నేను విసుక్కున్నందుకా?"

జవాబు వచ్చింది. "కాదు. నాకు నేనే బరువైనా."

లేచి లోపలికి పోవాలనిపించింది. పోతే ఆయన మళ్ళీ గోడవైపు తిరుగుతాడని భయపడి, కూర్చున్నచోటే రాసింది. "ఇంగెప్పుడన్నా అట్ల అనిపిస్తే ముందు నాకు రాయండి."

"రాస్తా."

మాట నిలబెట్టుకున్నాడు. కొన్ని రోజులు "ఈ పొద్దు బాగలేదు" అని మాత్రమే వచ్చేది. ముబీనా ఎవరున్నా పని ఆపి, వెళ్ళి ఆయన పక్కన కూర్చునేది. ఏమీ అడిగేది కాదు.

గోవిందయ్య పత్రికకు మన్సూర్ ఒక ఆహ్వాన పద్యం రాశాడు. అది చదివి ఆ వ్యాపారి, "ఈ సారును ఒకసారి చూడల్ల" అని పట్టుబట్టాడు. చాలాసేపటికి మన్సూర్ మెడకు పలచటి గుడ్డ చుట్టుకుని బయటికి వచ్చాడు. గోవిందయ్య లేచి నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత మన్సూర్ పొద్దున పూట ముందు గది బయట అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

జబ్బు 2008లో తిరగబెట్టింది. చివరి వారాల్లో కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని ఒక వేలితో టైపు చేసేవాడు. రంజాన్ దాటిన కొన్నాళ్ళకు కన్నుమూశాడు.

భర్త పోయాక ఇంట్లోనే గడపాల్సిన ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులు, పూర్తయ్యాక ముబీనా పని మళ్ళీ మొదలుపెట్టింది. తోడుగా ఉదయశ్రీ అనే అమ్మాయిని పెట్టుకుంది. మొదటి రోజు ఆ అమ్మాయి వెనక గది గుమ్మంలో ఆగింది.

"అక్కా, నేను ఈడ కూచోల్లా?"

"వద్దులే, నా పక్కన కూచో," అంది ముబీనా. ఇద్దరూ కలిసి మన్సూర్ కంప్యూటర్ను మోసుకొచ్చి ముందు గదిలో ఇంకో బల్ల మీద పెట్టారు.