ప్రెస్సాయన పాత బోర్డు

ఆ బజారులో ఆమెను పట్టకారు అంటారు. మదర్‌బోర్డు మీద వంగిపోయిన వెంట్రుకంత పిన్నులను పట్టకారుతో ఒక్కొక్కటే నిలబెట్టగల మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ఒక బల్ల, ఒక దీపం, గోడకు వరసగా స్క్రూడ్రైవర్లు. బల్లకు ఇవతల ఒక ఎత్తు స్టూలు. కంప్యూటరు తెచ్చినవాళ్లు దాన్ని ఆమెకు వదిలేసి వెళ్లరు. ఆ స్టూలు మీద కూర్చుని పని అయ్యేదాకా ఆమె చేతులనే చూస్తారు.

అది ఆరేళ్ల కిందట మొదలైంది. అప్పుడామె బావ షాపులో పనిచేసేది. అక్క కౌంటర్లో కూర్చుని, రిపేరుకు వచ్చిన ప్రతి సీపీయూకూ చీటీ రాసేది. బోర్డులోనే అమర్చి ఉండే నెట్ అడాప్టరుకు పన్నెండు అంకెలు, అక్షరాలు కలిసిన నంబరు ఉంటుంది. ఒకదానిది ఇంకొకదానికి ఉండదు. చెల్లెలు స్టిక్కరు చూసి ఆ నంబరు చదివేది, అక్క చీటీ మీద ఎక్కించేది. ఒకసారి ప్రింటింగ్ ప్రెస్సాయన సీపీయూకి బావ కొత్త బోర్డు వేశాడు. పాతది పూర్తిగా పోయిందన్నాడు. వారం తర్వాత ప్రెస్సాయన తిరిగొచ్చి, పోయినదైనా సరే, తన బోర్డు తనకు ఇమ్మన్నాడు. అది షాపులో లేదు.

“విడిభాగాలన్నీ మా మరదలి చేతిలో ఉంటాయి సార్,” అన్నాడు బావ, షాపు నిండా జనం ఉండగా. “ఇంటి మనిషి కదా అని ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాను. పిల్లకి కాస్త చేతివాటం.”

ప్రెస్సాయన చీటీని ఆమె మొహాన కొట్టి వెళ్లిపోయాడు. అక్క తల ఎత్తలేదు. ఆమె ఆ చీటీని ఏరుకుని షాపు మెట్లు దిగింది, మళ్లీ ఎక్కలేదు. బావ చేత ఆ మాట వెనక్కి మింగించాలి, అదీ అక్క కళ్లముందు. ఆరేళ్లుగా ఆమెకు ఉన్న కోరిక అదొక్కటే. నిద్రలో లేపి అడిగినా ఆ చీటీ మీది నంబరు చెప్పగలదు.

ఒక ఉదయం ఫొటో స్టూడియో ఆయన సీపీయూని చంకన పెట్టుకుని వచ్చాడు.

“మొన్న పిడుగు పడ్డప్పటి నుంచి నెట్టు రావట్లేదండీ. మిగతాదంతా గుర్రంలా నడుస్తోంది,” అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆమె కేబుల్ మార్చి చూసింది. పోర్టు పక్కన దీపాలు వెలగలేదు. డ్రైవరు తీసి మళ్లీ ఎక్కించబోతే అడాప్టరు జాడే లేదు. కేబుల్ దారిన వచ్చిన పిడుగు దాన్నొక్కదాన్నే కాల్చి పోయింది. ఖాళీ స్లాటులో విడిగా నెట్ కార్డు గుచ్చితే పది నిమిషాల పని. స్లాటులో దుమ్ము తుడుద్దామని దీపం దగ్గరకు లాగింది. పోర్టు వెనక స్టిక్కరు కనబడింది.

పట్టకారు చేతిలోంచి జారి సీపీయూలో పడింది.

“షాకు కొట్టిందా?” అన్నాడాయన.

“లేదండీ. ఇది ఎక్కడ కొన్నారు?”

“మీ బావగారి దగ్గరే. ఆరేళ్లయింది. బోర్డు పెట్టె నా కళ్లముందే విప్పి బిగించాడు. వారంటీ కార్డు ఇప్పటికీ ఉంది. నేను కాగితం ముక్క పారెయ్యనండీ. మా ఆవిడ నన్ను చెత్తబుట్ట అనే పిలుస్తుంది.”

‘బోర్డు పోయిందండీ, మార్చాలి’ అంటే చాలు. ఆయన తల ఊపేస్తాడు, పాతది ఆమె బల్ల మీద ఉండిపోతుంది. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ అవి బావ రోజుకు పదిసార్లు అనే మాటలు.

“పోర్టు ఒక్కటే పోయింది. ఒక కార్డు వేస్తే సరిపోతుంది,” అంది. “మీరు ఒప్పుకుంటే మాత్రం, ఇంతకంటే మంచి బోర్డు నా దగ్గరుంది, వేసిస్తాను. డబ్బులొద్దు. ఇది నాకు వదిలెయ్యండి.”

ఆయన స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. “అమ్మేవాళ్లు పొగిడితే నమ్ముతానమ్మా, ఊరికే ఇస్తానంటేనే భయమేస్తుంది. ఇందులో బంగారం గింగారం ఉందా ఏంటి?”

ఆమె సొరుగులోంచి చీటీ తీసి ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పింది. ఆయన చీటీ మీద ఒక వేలు, స్టిక్కరు మీద ఒక వేలు పెట్టి పన్నెండూ పోల్చుకున్నాడు.

“అయితే కొత్తదని నాకు అంటగట్టింది ప్రెస్సాయన పాతదా? వాడి జిమ్మడ! పదండి, నేనూ వస్తా.”

“మీ కోపం రేపు తీర్చుకోండి. ఇవాళ నా వంతు.”

వారంటీ కార్డు తేవడానికి ఆయన ఇంటికి వెళ్లాడు. సీపీయూ విప్పి ఉంది. పార్టులన్నీ బల్ల మీద ఉన్నాయి. ఆరేళ్లలో ఆ స్టూలు మధ్యలో ఖాళీ అవడం అదే మొదటిసారి.

ఆయన కార్డుతో తిరిగొచ్చాక కూడా ఆమె తొందరపడలేదు. కొత్త బోర్డు బిగించి, ఆయన ఫొటోలన్నీ తెరిచి చూపించి, నెట్టు వచ్చాక పంపింది. తర్వాత పాత బోర్డును కవరులో పెట్టుకుని పదకొండింటికి బావ షాపుకు వెళ్లింది. అక్కడ జనం ఎక్కువగా ఉండేది ఆ వేళే. బెంచీ మీద నలుగురు సీపీయూలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

“ఇవాళ పొద్దు పడమట పొడిచినట్టుందే! ఏం మరదలా, దారి తప్పావా?” అన్నాడు బావ.

ఆమె అటు చూడలేదు. బోర్డు, చీటీ, వారంటీ కార్డు అక్క ముందు పెట్టింది. “చదువుతా, సరిచూసుకో,” అని స్టిక్కరు మీది నంబరు అందరికీ వినబడేలా చదివింది. తన చేతిరాత మీద అక్క వేలు ఒక్కో అక్షరమే జరుగుతూ వెళ్లి పన్నెండో దాని దగ్గర ఆగింది.

“లక్ష బోర్డులు వస్తుంటాయమ్మా, నంబర్లు కలుస్తుంటాయి,” అన్నాడు బావ.

“కలవవని నువ్వే కదా నేర్పావు బావా.” అక్క వైపు తిరిగింది. “కార్డు మీద తేదీ చూడక్కా. ప్రెస్సాయన వచ్చి అడగడానికి మూడు రోజుల ముందుది. ముద్ర ఈ షాపుది. రాత మీ ఆయనది.”

అక్క కార్డు ముట్టుకోలేదు. “నాకు తెలుసే,” అంది మెల్లగా.

“ఎప్పట్నుంచి?”

“దాన్ని కొత్త పెట్టెలో పెట్టి అతికించింది నేనే.”

ఆరేళ్లుగా ఆమె తన పగను ఒక్క మనిషి కోసమే నూరి పెట్టుకుంది. అది ఇద్దరికీ సరిపోయేంత ఉందని ఇప్పుడు తెలిసింది.

“ప్రెస్సాయనకి ఫోన్ చెయ్యి,” అంది. “అందరికీ వినబడేట్టు పెట్టు.”

“ఇంటి పరువు బజారుకీడుస్తావా?” అంటూ బావ కౌంటరు చుట్టూ తిరిగి వచ్చాడు.

“నాది ఆరేళ్ల నుంచి అక్కడే ఉంది బావా. మీది తోడొస్తుంది.”

అక్క మొగుడి వైపు ఒకసారి, బెంచీ వైపు ఒకసారి చూసి నంబరు నొక్కింది.

“అన్నయ్యగారూ, ఆ పాత బోర్డు... మా చెల్లెలు తియ్యలేదండీ.”

“మరి ఎవరు తీశారమ్మా?” ప్రెస్సాయన గొంతు షాపంతా వినబడింది.

అక్క ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“చెప్పక్కా. ఆయన అడుగుతున్నాడు.”

“మేమే అమ్ముకున్నాం. అది పాడవలేదు. బాగానే ఉంది.”

బెంచీ చివరనున్నాయన సీపీయూని గుండెకు హత్తుకుని లేచాడు. “సార్, కూర్చోండి సార్, మీదే చూస్తున్నా,” అన్నాడు బావ. పక్కాయనా లేచాడు.

“చాలా?” అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

“చాల్లేదు. ఆయన చీటీ కొట్టింది నా మొహాన. ఇక్కడికే రమ్మను.”

“వస్తున్నా,” అంది ఫోను.

బెంచీ మీద మిగిలిన ఇద్దరూ లేచారు. ఆమె కౌంటరు ముందు నుంచి పక్కకు జరిగి ఒక్కొక్కరికీ దారి ఇచ్చింది.