మిరపతోటలో హాజరు

మూడేళ్ల కిందట, అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలకు ఇంకో పది రోజులుందనగా జరిగిన సంగతి ఇది. మహబూబాబాద్ వైపు ఒక ఎమ్మెల్యే గారి దగ్గర నేను పీఏని. వచ్చిన వాళ్ల బాధలు విని శాఖలకు రిప్రజెంటేషన్లు, అంటే ఎమ్మెల్యే సంతకంతో వెళ్లే విన్నపాలు, రాయడం నా పని. సభలో ఆయన మాట్లాడే కాగితాలు తయారుచేసేదీ నేనే.

పుట్టిందీ పెరిగిందీ జనగామలో, మా నాయిన కిరాణం కొట్లో. అన్నప్రాశన నాడు ముందు పెట్టిన పుస్తకం, కలం వదిలేసి పక్కనున్న తక్కెడ పట్టుకున్నానట. అదే బుద్ధి ఉద్యోగంలోకీ వచ్చింది. ఎవరైనా ఒకటి అడిగితే నేను ఐదు రాసేవాణ్ణి. ఐదడిగితే రెండైనా ఇస్తారని నా లెక్క. ఆఫీసులో నాకంటే తెలివిగా అడిగేవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి నిప్పు పెట్టిన మనిషి సక్కుబాయి. ఒక తండాలో మినీ అంగన్‌వాడీ టీచర్. అంతకు ముందు వానాకాలంలో వచ్చి, కేంద్రం పైకప్పు కురుస్తోంది, కొత్త రేకులు వేయించమని అడిగింది. రేకులేం అడుగుతామని నేను పక్కా భవనం, ప్రహరీ, బోరు, వంటగది, ఉయ్యాల రాసి పంపాను. భవనం అన్నాక శాఖ వాళ్లు పిల్లలెంతమందో చూడటానికి వచ్చారు. వాళ్లు వచ్చింది మిరపకాయ ఏరే కాలంలో. ఏరే కూలికి వేరే ఊళ్లకు పోవడంతో తండాలో సగం ఇళ్లకు తాళాలు. కేంద్రంలో నలుగురే పిల్లలు. పిల్లలు చాలరు కాబట్టి కేంద్రాన్ని పెద్ద ఊళ్లోని దానిలో కలపాలని నివేదిక వెళ్లింది.

కేంద్రాన్ని కలిపేస్తామని తనకు వచ్చిన ఉత్తరం పట్టుకుని సక్కుబాయి మా ఆఫీసుకు వచ్చింది.

"అన్నా, నేను రేకులు అడిగిన. నువ్వు మేడ అడిగినవ్. ఇప్పుడు ఉన్న గది గూడ పోతాంది."

"గట్లనే అడగాలె అక్కా. ఎక్కువ అడిగితెనే ఎంతో కొంత ఇస్తరు."

"గట్లాంటి బేరం మీ దుకాన్ల నడుస్తది. ఈడ ఎక్కువ అడిగితె లెక్కవెట్ట వస్తరు. పెద్దూరికి పోవాల్నంటె వాగు దాటాలె, రోడ్డు దాటాలె. మూడేండ్ల పిల్ల ఎట్ల పోతది? గుడ్డు, పాలు, అన్నం అన్నీ బంద్. పోనీ, నువ్వొచ్చి ఎత్తుకపోతవా?"

లోపల్నుంచి ఎమ్మెల్యే సార్ విన్నారు. "ఎవరమ్మా, లోపలికి రా. కూసో" అన్నారు. ఇన్నేళ్లలో ఆ గదిలో నన్ను కూర్చోమని ఆయన ఒక్కసారీ అనలేదు. గంటసేపు మాట్లాడుకున్నారు. నా వంతుగా రెండుసార్లు చాయ్ చెప్పించాను. చివరికి సార్ నన్ను పిలిచి, "జీరో అవర్‌ల ఇదే మాట్లాడుత. టీచరమ్మ రాసిచ్చింది జర చూడు" అన్నారు. ప్రశ్నోత్తరాలు అయ్యాక సభ్యులు తమ ప్రాంతపు అత్యవసర విషయాన్ని రెండు మూడు నిమిషాల్లో చెప్పుకునే వేళను జీరో అవర్ అంటారు. ఆ రెండు నిమిషాలు రాయడం నా హక్కని అనుకునేవాణ్ణి.

ఆమె రాసింది ఒక గీతల కాగితంలో సగం. పద్నాలుగు మంది పిల్లల పేర్లు. ఒక్కొక్కరి పక్కన తల్లి పేరు, ఇప్పుడు ఏ ఊళ్లో ఏ రైతు తోటలో ఉన్నారో. కింద ఒకే వాక్యం: "ఉగాది తర్వాత వచ్చి మళ్లీ లెక్కపెట్టండి."

నాకు కడుపు మండింది. ఆ మంటలోనే బాలల హక్కులు, రాజ్యాంగం, పోషకాహారం అన్నీ కలిపి మూడు పేజీలు రాశాను. అయినా ఆ సగం కాగితం నిద్రపోనివ్వలేదు. పద్నాలుగు పేర్లలో రెండైనా కల్పించి ఉంటుంది, నేనైతే నాలుగు కల్పించేవాణ్ణి, పట్టుకుందామనుకున్నాను. ఆదివారం సార్‌కు చెప్పకుండా, ఆఫీసు కారులో డ్రైవర్‌ను తీసుకుని భూపాలపల్లి వైపు బయలుదేరాను.

చెల్పూర్ దాటి లోపలికి వెళ్లాక ఆమె రాసిన తోటల్లో మొదటిది దొరికింది. గట్టు మీద పరదా కట్టి, దాని నీడలో పిల్లల్ని కూర్చోబెట్టారు. మిరప ఘాటుకు అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. నేను కాగితం తీసి మొదటి పేరు చదివాను.

"ఉన్న టీచర్!" అంది ఒక పిల్ల, చెయ్యెత్తి.

అంతే, మిగిలిన వాళ్లూ గబగబా వచ్చి వరసగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చేతిలో కాగితం పట్టుకున్న మనిషి అంటే వాళ్లకు హాజరు తీసుకునే మనిషే. నేను పేరు చదవడం, వాళ్లు పలకడం. ఒక తల్లి ఏరడం ఆపి వచ్చింది.

"సక్కుబాయి పంపిందా సారూ? రోజు ఫోన్ జేత్తది. పిల్లకు గుడ్డు పెట్టినవా, కండ్లు కడిగినవా అని పానం తింటది."

సాయంత్రానికి మూడు తోటలు తిరిగాను. పద్నాలుగు మందీ ఉన్నారు. నిజానికి పదిహేను మంది! ఆమె తండాదే ఇంకో పిల్ల, జాబితాలో పేరు లేదు. ఎగిరి గంతేసినంత పనైంది. అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"ఒక పేరు మర్చిపోయినవ్ అక్కా."

"మర్వలేదన్నా. ఆ పొల్లకు ఆరేండ్లు నిండినయ్, బడిల జేరింది. ఇంక నా లెక్కల రాదు."

ఒకటి కలుపుకునే వీలుండీ కలుపుకోని మనిషితో బేరం ఎట్లా ఆడాలో మా నాయిన నాకు నేర్పలేదు.

అయినా బుద్ధి మారితేగా. సభ నాడు ఫైల్లో నా మూడు పేజీలే పైన పెట్టాను, ఆమె కాగితం అడుగున. లాబీలో టీవీ ముందు నిలబడ్డాను. సార్ లేచి, ఫైలు తిరగేసి అడుగు కాగితమే బయటికి తీశారు.

"అధ్యక్షా, మా తండాలో పిల్లలు తక్కువ లేరు. వాళ్లు అమ్మల వెంట మిరపతోటల్లో ఉన్నప్పుడు పోయి లెక్కపెట్టారు. ఎవరెక్కడున్నారో పేర్లతో సహా ఇస్తున్నా. ఉగాది తర్వాత మళ్లీ లెక్కపెట్టమనండి. అప్పటిదాకా తలుపు మూయొద్దు. ఇంకేం అడగను."

గంట మోగకముందే కూర్చున్నారు. మంత్రి గారు లేచి, మళ్లీ లెక్క తీయిస్తామన్నారు.

బయటికి వచ్చాక నా పేజీలు నాకే ఇచ్చారు. ఉండబట్టలేక అడిగాను: "ఆమె రాసింది తప్పయితే సభల ఇజ్జత్ పోయేది గద సార్?"

"నువ్వు తోటలు తిరిగొచ్చినవని డ్రైవర్ చెప్పిండు. ఒక్క తప్పు దొరికినా నువ్వు ఊకుంటవా? నచ్చనోళ్ల కాగితం నువ్వు చూసినంత గట్టిగ ఇంకెవ్వరు చూడరు" అని కారెక్కారు.

ఉగాది తర్వాత లెక్క తీశారు. తోటల నుంచి వచ్చినవాళ్లూ తండాలో ఉన్నవాళ్లూ కలిసి పద్దెనిమిది మంది తేలారు. కేంద్రం అక్కడే ఉంది. కొట్లో బేరం చెడితే సరుకు మళ్లీ అరలోకి పోతుంది, నష్టమేం లేదు. ఇక్కడ నా బేరం చెడితే పిల్లల ముందు నుంచి పళ్లెం లేచిపోయేది. అప్పటి నుంచి ఏ కాగితం రాసినా, ఇది చూడటానికి ఎవరు, ఏ నెలలో వస్తారని ముందుగా అడుగుతున్నాను.

రేకులు మాత్రం ఇంకా రాలేదు. ఆమెను పిలిపించి, ఈసారి ఆమె ఎదుటే రాశాను. ఒకటే వాక్యం: "పైకప్పుకు కొత్త రేకులు పది కావాలి." ప్రహరీ కూడా రాయమని చెయ్యి లాగుతున్నా ఆపుకుని కాగితం ఆమె ముందు పెట్టాను. మెచ్చుకుంటుందేమోనని చూశాను.

చదివి, కాగితం నా వైపు జరిపింది.

"ఎనిమిది సాలన్నా."

దిద్దాను. ఆమె అంటే నాకు ఇప్పటికీ మంటే.