లారీ కోసం కూర్చున్న గంటలు

ధవళేశ్వరం రోడ్డులో ఒక పార్సిల్ కంపెనీ గోడౌన్‌లో నేను నాలుగేళ్లుగా పార్ట్ టైమ్ పని చేస్తున్నాను. మధ్యాహ్నం లారీ వస్తుంది. పార్సిళ్లు దింపి, స్కాన్ చేసి, ఊళ్లవారీగా సంచుల్లో వెయ్యాలి. పర్మినెంటు వాళ్లూ మేమూ పక్కపక్కన నిలబడి ఒకే పని చేసేవాళ్లం. గంటకు లెక్కేస్తే మాకొచ్చేది వాళ్లకొచ్చేదాంట్లో సగం. లారీ ఆలస్యమైతే మెట్ల మీద కూర్చునేవాళ్లం. మొదటి పార్సిల్ స్కాన్ అయ్యేదాకా మా టైము మొదలైనట్టు కాదు.

నాకు పని నేర్పింది, మేమంతా టీచర్ గారు అని పిలిచే ఆవిడ. యాభై దాటిన మనిషి. ఆవిడ పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి మూతపడింది. భర్త పక్షవాతంతో మంచాన ఉన్నారు. పొద్దున్నంతా ఆయనకు చేసి, మధ్యాహ్నం పక్కింటావిడకు అప్పగించి వచ్చేవారు. బరువైన పెట్టెను నడుము పట్టకుండా ఎలా ఎత్తాలో ఆవిడే చూపించారు. కొత్తలో నేను తణుకు సంచిలో పొరపాటున వేసిన పార్సిళ్లను ఎవరికీ తెలియకుండా తీసి సరిచేసేవారు.

ఒక వేసవిలో లారీ వరసగా ఆరు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆరో రోజు ఆ మెట్ల మీదే ఆవిడ కంపెనీకి దరఖాస్తు రాశారు. ఒకే పనికి గంటకు ఒకే జీతం ఇవ్వమనీ, ఎదురుచూసిన టైము కూడా కలపమనీ అడిగారు. తప్పులుంటే చూడమని నాకిచ్చారు. రెండు చోట్ల దిద్దాను. పదకొండు మందిమి సంతకాలు పెట్టాం.

రెండు రోజులాగి మేనేజర్ గారు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారు. కోప్పడలేదు. కూర్చోమని టీ తెప్పించారు.

"ఇది మీరు చదివే సంతకం పెట్టారాండి?" అని అడిగారు.

ఆ నెలలోనే మా అమ్మాయి నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టాలి.

"లేదండి. ఆవిడ పెట్టమంటే పెట్టాను," అన్నాను.

ఆ ముక్కే కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను.

మర్నాడు పొద్దున్నే మా వాట్సాప్ గ్రూపులోంచి టీచర్ గారిని తీసేశారు. ఆవిడ చూసుకోలేదేమో, మామూలుగానే వచ్చారు. లిస్టులో పేరు లేదని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. మంచి ఎండ. ఆవిడ చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నేను ఒకసారి చూసి, మళ్లీ అటు తిరగలేదు.

దసరా సీజనుకు మనుషులు చాలక కంపెనీ మా జీతం పెంచింది. పూర్తిగా సమానం కాకపోయినా దగ్గరకొచ్చింది. లారీ కోసం కూర్చున్న టైమూ కలిపారు. పెరిగిన జీతం అందిన ఆదివారం, డజను అరటిపళ్లు పట్టుకుని టీచర్ గారింటికి వెళ్లాను.

ఎదురుచూసిన టైము కలుపుతున్నారా అని ఆవిడే అడిగారు. కలుపుతున్నారన్నాను. "మంచిదమ్మా," అన్నారు. ఆవిడ మొహంలో నిజమైన సంతోషం చూశాక, చేసింది చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నాకు తెలుసమ్మా," అన్నారు. "నన్నెందుకు తీసేశారో తర్వాత అడగడానికి వెళ్తే మేనేజర్ గారు కాగితాలన్నీ చూపించారు. మిగతావాళ్లు రాసినవి చూసి ఏమీ అనుకోలేదు. భయపడ్డారులే అనుకున్నాను. నీది చూసిన పూట మాత్రం అన్నం సయించలేదు. దిద్దినదానివి, చదవలేదని ఎలా రాశావమ్మా?"

ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చనూ లేదు, తిట్టనూ లేదు.

లోపల్నుంచి ఆయన మూలుగు వినిపించింది. పక్కకు తిప్పే వేళైంది, ఒక చెయ్యి వేయమన్నారు. ఆవిడ భుజాలు పట్టుకున్నారు, నేను కాళ్లు పట్టుకున్నాను. మంచం మీద దుప్పటి సరిచేశాక, నా చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పోశారు.

మా వైపు ఎవరింటికి వెళ్లినా గుమ్మం దాకా వచ్చి మళ్లీ రమ్మంటారు. ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. రమ్మనలేదు. వెళ్లొస్తానండి అనడానికి నాకూ నోరు రాలేదు.