ఒకే గుడ్డ మీద ఇద్దరు సిపాయిలు

"ఈ రంగుల సీసం ఉంటే ఎట్ల చాచా? పిల్ల నోట్లె పెట్టుకుంటది. ఆ చిన్న చెయ్యి ఊడి గొంతుల పడితే?"

జలాలుద్దీన్ చాచాతో నేను మాట్లాడిన మొదటి మాటలు ఇవి. గద్వాలలో ఆయన ఇంటి పైవాటాలో మేము దిగిన మరునాడు, మూడేళ్ల మా వర్షకు ఆయన ప్రేమగా ఒక సిపాయి బొమ్మ ఇవ్వబోయాడు. నేను పలకరించడం కూడా మరిచి పిల్లను వెనక్కి లాక్కున్నాను. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. పాత రంగుల్లో ఏముంటుందో చదువుకున్నాను కాబట్టి నా భయానికి కారణాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

ఆయన నొచ్చుకోలేదు. బొమ్మను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిజమే బిడ్డా. పాత మాల్, ఏం కలిపిండ్రో ఎవలికి ఎరుక," అని దాన్ని జేబులో వేసుకుని, వంటింట్లోంచి స్టీలు గిన్నె, గరిటె తెచ్చి వర్ష చేతికిచ్చాడు. సాయంత్రం దాకా ఇల్లు మోగిపోయింది.

"పిల్ల పరేషాన్ పాయె, నా చెవుల పరేషాన్ వచ్చె," అన్నది ఆయన భార్య జహీరున్నీసా చాచీ.

చాచాకు అయిజ రోడ్డులో నీళ్ల మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. చిన్నతనంలో వాళ్లది బొమ్మలు కొనే ఇల్లు కాదు. మీసాలు రాకముందే ఒక మోటారు దుకాణంలో పనికి కుదిరాడు. ఒకరోజు యజమాని కొడుకు నడుము తెగిన సిపాయి బొమ్మను తెచ్చి ఏడ్చాడట. అరచేతిలో ఇమిడే బొమ్మ. మెడ, మోచేతులు, మోకాళ్లు అన్నీ తిరుగుతాయి. వీపులో ఉన్న ఒక్క స్క్రూ విప్పితే ఛాతీ రెండు చిప్పలుగా విడిపోతుంది. లోపల ఒక చిన్న రబ్బరు రింగు కాళ్లను, పై ఒంటిని పట్టి ఉంచుతుంది. అది ఎండి తెగిందంటే సిపాయి రెండు ముక్కలే. చాచా వాషర్ల డబ్బా అంతా గాలించి, సరిపోయే రింగు వేసి బిగించాడు.

"నా చేతుల లేచి నిలవడ్డ మొదటి మనిషి వాడే," అంటాడు ఇప్పటికీ.

అలా మొదలైన పిచ్చి ఇప్పుడొక అద్దాల బీరువా నిండా ఉంది. అందులో ఒకడికి తుపాకీ లేదు, ఒకడికి బొటనవేలు లేదు, ఒకడి తల వేరే ఒకడిది. అన్నీ ఎవరో విరగ్గొట్టి పారేసినవో, పాత సామాన్ల బండి మీద దొరికినవో. అందుకే నిరుడు ఆ బొమ్మలనే కొత్తగా చేసి, పాత అట్ట మీద పాత చిత్రంతో, కావాలనే వెలిసినట్టు రంగు వేసి మళ్లీ అమ్మకానికి పెట్టారని తెలియగానే ఆయన ఒకటి తెప్పించుకున్నాడు. అట్టకు అతికి ఉన్న బొమ్మను తన చేత్తో ఊడదీయడం ఆయన జీవితంలో అదే మొదలు.

దాని మీద పంచాయితీ చేయడానికి ఒక ఆదివారం పొద్దున, ఇలాంటి బొమ్మలే దాచుకునే ఇద్దరు మిత్రులు వచ్చారు. దానియేలు సార్‌ది నాగర్‌కర్నూల్, లింగాల బడిలో పంతులు. వనపర్తిలో అదే బస్సెక్కిన దశరథానికి అక్కడ బట్టల దుకాణం ఉంది. బస్సులోనే మొదలైన వాదం గడప దాటి లోపలికొచ్చింది. చాయ్ తాగుతూ నేనూ, నా ఒళ్లో వర్షా ఒక పక్కన కూర్చున్నాం.

"నకల్ నకలే, జలాల్ భాయ్," అన్నాడు దశరథం. "నిన్న పుట్టినోడు మొఖానికి పాత రంగు పూసుకుంటే ముసలోడైతడా?"

"నువ్వు నెత్తికి నల్లరంగు ఏస్తవు గద, పడుచోనివైతున్నవా?" అన్నాడు చాచా.

దానియేలు సార్ మధ్యలోకి వచ్చాడు. "అసలు అట్ట మీదికెళ్లి తియ్యుడే తప్పు. నా తాన ఉన్నయి చూడుండ్రి, ఒక్కటి గూడ ఇప్పలే. ఏ లడాయి లేదు."

"అవి బొమ్మలా సార్, ఖైదీలా?" అన్నది చాచీ వంటింట్లోంచి.

దశరథం చిన్న టిఫిన్ డబ్బా మూత తీసి, దూదిలోంచి తన సిపాయిని బయటికి తీశాడు. వాళ్ల నాయన ఆర్టీసీ డ్రైవరు. హైదరాబాద్ బస్సు మీద పోయినప్పుడు తెచ్చిన బొమ్మ అది. ఆదివారం మాత్రమే చేతికిచ్చి, మళ్లీ తానే తీసి దాచేవాడట. నాయన పోయి రెండేళ్లు. "నాయన యాది అంటే ఇదొక్కటే మిగిలింది," అని దాన్ని కొత్త బొమ్మ పక్కన నిలబెట్టి, "ఎక్కడి అసలు, ఎక్కడి నకల్! కండ్లు మూసుకొని చెప్త," అన్నాడు.

"మీద కాదు, లోపల చూడాలె," అన్నాడు చాచా. "కొత్తదాంట్ల గూడ గదే స్క్రూ, గదే రింగు పెట్టిండ్రు. చూపిస్త."

చాచా దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక మోటారు విప్పితే దాని సామానంతా దాని తట్టలోనే ఉండాలి; అది బిగించేదాకా రెండోది ముట్టడు. ఆ రోజు ఉత్సాహంలో ఆ మాట మరిచి, రెండు బొమ్మలనూ ఒకే గుడ్డ మీద విప్పేశాడు. నిజంగానే రెండింటి లోపలా తేడా లేదు. ముగ్గురూ ముక్కలను చేతుల్లోకి తీసుకుని చూడటం, పెట్టడం, మళ్లీ తీసుకోవడం.

దశరథం గుడ్డ మీంచి ఒక బొమ్మ చేయి తీసి పైకెత్తాడు. "గీ మెరుపు చూస్తలేవా? నిన్న మొన్నటిది గాబట్టే గిట్ల మెరుస్తది."

చాచా ముఖం మారింది. "దశరథం, గది నీదాంట్లకెళ్లి తీసిన చెయ్యి."

"కాదు, నాది నేను ఇటు పెట్టిన."

"ఇటు పెట్టింది నేను," అన్నాడు దానియేలు సార్, మెల్లగా.

ముగ్గురూ గుడ్డ వైపు చూశారు. నాలుగు చేతులు, నాలుగు కాళ్లు, రెండు తలలు. దశరథం ఒక్కో ముక్కనూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. "నాయనది ఏదో తెల్వకుండ అయిపాయె," అన్నాడు.

చాచా ముక్కలన్నింటి మీదా తువ్వాలు కప్పి, రెండు కుడిచేతులు మాత్రం బయట ఉంచాడు. "ముందుగాల ఇవి తేలాలె. మిగిలినయి మనకొద్దు."

చూస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. "ఆదివారం ఒక్కనాడే అయినా అన్నేండ్లు తిప్పిండు గదా చాచా. కీలు కొద్దిగనన్న అరిగి వదులై ఉంటది."

చాచా ఒక్కో చేతినీ నిలువుగా పట్టి మోచేయి వంచి వదిలాడు. ఒకటి వంచినట్టే నిలిచింది. రెండోది మెల్లగా వాలిపోయింది. వాలిన చేయి టిఫిన్ డబ్బాలోకి పోయింది. తర్వాత ఎడమ చేతులు, తర్వాత కుడి కాళ్లు. తలల దగ్గర కనుబొమ్మ మీద చెరిగిన రంగు సాక్ష్యం చెప్పింది. ఛాతీ చిప్పల్లో ఒక జతకు స్క్రూ తుప్పు అంటి ఉంది. ఎడమ కాళ్లు మాత్రం తేలలేదు; రెండూ ఒక్కలాగే వాలాయి. చాచా రెండింటినీ దశరథం అరచేతిలో పెట్టి ఊరుకున్నాడు. అతను చాలాసేపు చూసి, "గిదే," అని ఒకటి ఉంచుకున్నాడు. దాని మీద ఎవరూ వాదించలేదు.

బిగించిన సిపాయి లేచి నిలబడ్డాక దశరథానికి మాట తిరిగొచ్చింది. "అయినా నకల్ నకలే," అన్నాడు. ఆ మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పుల్లటి ఖట్టా పులుసు తింటూ మళ్లీ పొట్లాడుకున్నారు.

వాళ్లు బస్సుకు వెళ్లాక గిన్నెలు తీస్తూ చాచాతో నా గోడు మొదలుపెట్టాను. వర్షకు దగ్గు తగ్గడం లేదు, ఈ ఊరి నీళ్లు పడటం లేదేమో, వచ్చే ఏడు బడిలో వేస్తే ఎవరన్నా కొడతారేమో, మా ఆయన దినేష్‌కు బదిలీ అయితే మళ్లీ ఇల్లు మారాలి, మాటలు సరిగా రాని పిల్ల అక్కడెట్లా...

"ఆగు బిడ్డా," అన్నాడు చాచా. "పొద్దుగాల నేను జేసిన పనే నువ్వు రోజు జేస్తున్నవు. అన్ని ఒక్కటే గుడ్డ మీద ఇప్పుకొని కూసుంటున్నవు. ఏది దేనిదో నీకే తెల్వదు. ఒకటి ఇప్పు. దాని సంగతి జూసి బిగించు. గప్పుడు ఇంకోటి ముట్టు. తేలనిది ఉంటే, నీకు తోచింది పట్టుకొని ముంగటికి పో."

మరునాడు దగ్గు ఒక్కదాని కోసమే వర్షను దవాఖానకు తీసుకెళ్లాను. నీళ్ల సంగతి డాక్టరును అడగలేదు. బడి మాట, బదిలీ మాట దినేష్‌తో ఎత్తలేదు. మందు అయిపోయి దగ్గు తగ్గాకే నీళ్లు పరీక్షకు పంపాను. బడి సంగతి ఇంకా విప్పలేదు.